మీ ఊరి కైఫియత్తు మీరే రాసుకోవడం ఎలా?

"మా ఊరి చరిత్ర రాయాలనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి?" కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి పదే పదే వచ్చే ప్రశ్న ఇది. గుడి జీర్ణోద్ధారణ అప్పుడో, బడికి వందేళ్లు నిండినప్పుడో, ఊరు రిజర్వాయరు కింద పోతుందని తెలిసినప్పుడో అడుగుతారు. అడిగే వాళ్లలో చాలామంది అప్పటికే ఇరవై పేజీలు రాసేసి ఉంటారు. మొదటి పేజీలో జనమేజయుడు, రెండో పేజీలో కృష్ణదేవరాయలు, మూడో పేజీ నుంచి చందాదారుల ఫొటోలు. నడుమ నాలుగు వందల ఏళ్లు ఏమైపోయాయో ఎక్కడా ఉండదు.

ఇక్కడ చెప్పేది చరిత్ర గ్రంథం రాయడం కాదు, అంతకంటే చిన్న పని. ఏ ఏడు ఏం జరిగింది, అది మనకెలా తెలిసింది అన్న రెండింటినీ తేదీల వరసలో రాసిపెట్టడం. కథ అల్లక్కర్లేదు, కారణాలు తేల్చక్కర్లేదు. ఈ మాదిరి రాతకు మన సీమలో పాత పేరే ఉంది, కైఫియత్తు అని. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి వదిలేశాక, కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కర్ణాల (ఊరి లెక్కలు రాసేవాళ్ల) దగ్గరి దండకవిలెలు, అంటే ఊరి పాత దస్త్రాలు చూసి, పెద్దల్ని అడిగి రాయించుకున్నవి అవి. తర్వాత సి.పి. బ్రౌన్ వాటిలో చాలావాటికి నకళ్లు తీయించాడు. కడప జిల్లా కైఫియత్తులు సంపుటాలుగా అచ్చయ్యాయి. కడపలో బ్రౌన్ ఉన్న చోటనే కట్టిన ఆయన పేరిటి గ్రంథాలయంలో వాటిని అడిగి చూడొచ్చు. మీ ఊరిది అందులో ఉంటే సగం పని తేలికవుతుంది. లేకపోయినా పని ఆగదు.

కావాల్సినవి

పొడుగు రూళ్ల పుస్తకం ఒకటి, అట్ట గట్టిది. పోస్టుకార్డు సైజులో కోసిన మందపు కాగితం చీటీలు ఐదారు వందలు. రికార్డింగు, టార్చి ఉన్న ఫోను. ఫోను టార్చి చాలదు కాబట్టి చేతి టార్చి ఇంకొకటి. 30 సెంటీమీటర్ల స్కేలు, మెత్తటి పెయింటు బ్రష్షు, నీళ్ల సీసా. ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై సంవత్సరాల పేర్లు వరస సంఖ్యలతో రాసుకున్న ఒక కాగితం. ఊరి గ్రామ పటం నకలు. వీటికి తోడు పాత దస్త్రం చదవగలిగిన ముసలాయన ఒకరు దొరికితే ఆయన్ని వదలొద్దు. కర్ణం చేతిరాతలోని గొలుసుకట్టు ఇప్పటి డిగ్రీ చదివినోళ్లకు కూడా అంత తేలిగ్గా లొంగదు.

1. ముందు హద్దు గీయండి

ఊరు అంటే ఏది? రెవెన్యూ గ్రామమా, పంచాయతీయా, మీరు పుట్టిన మజరానా (శివారు పల్లెనా)? మూడూ ఒకటి కానక్కర్లేదు. రెవెన్యూ గ్రామాన్ని పట్టుకోండి, ఎందుకంటే రికార్డులన్నీ ఆ పేరు మీదే నడుస్తాయి. మజరాలను దాని కిందికి తెచ్చుకోండి. పాత కాగితాల్లో ఊరి పేరు ఎన్ని రకాలుగా కనిపించినా అన్నీ ఒకచోట రాసుకోండి.

తర్వాత మీ ఊరు ఏ ఏడు ఏ జిల్లాలో ఉందో చూసుకోండి. ఇక్కడే చాలామంది నెలలు పోగొట్టుకుంటారు. అనంతపురం జిల్లా 1882లో పుట్టింది. అంతకు ముందు కాగితాలు బళ్లారి పేరు మీద వెతకాలి. కర్నూలు 1839 దాకా నవాబు చేతిలో ఉండి, 1858లో జిల్లా అయింది. పత్తికొండ అంతకు ముందు బళ్లారిలో, కోవెలకుంట్ల కడపలో ఉండేవి. మదనపల్లె, వాయల్పాడు 1911లో చిత్తూరు జిల్లా పుట్టేదాకా కడపవే. 2022 ఏప్రిల్ 4 తర్వాత డోన్ నంద్యాల జిల్లాలోకి, లేపాక్షి శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయాయి. తాలూకాలు పోయి మండలాలు వచ్చింది 1985లో. ఈ మార్పులన్నీ మీ కైఫియత్తులో మొదటి పేజీలో ఒక పట్టీగా ఉండాలి. లేకపోతే రేపు చదివేవాడికి "తాలూకా కోవెలకుంట్ల, జిల్లా కడప" అన్నది తప్పుగా కనిపిస్తుంది.

2. ఒక సంగతికి ఒక చీటీ

పుస్తకంలో నేరుగా రాయొద్దు. దొరికిన ప్రతి సంగతినీ విడి చీటీ మీద రాయండి. చీటీలో నాలుగే గళ్లు:

తేదీ (దొరికింది దొరికినట్టు, పక్కన ఇంగ్లీషు ఏడు)
ఏం జరిగింది (ఒకటి రెండు వాక్యాలు)
ఎక్కడ (సర్వే నంబరో, వీధో, గుర్తో)
ఎలా తెలిసింది (శాసనమా, రిజిస్టరా, ఎవరు చెప్పారు, ఏ రోజు చెప్పారు)

నాలుగో గడి ఖాళీగా ఉన్న చీటీ పనికిరాదు. ఎంత అందమైన సంగతైనా సరే, పక్కన పెట్టండి. మొదటి గడి ఖాళీగా ఉంటే మాత్రం పారేయొద్దు. "తేదీ తెలియనివి" అని వేరే కట్ట కట్టండి, ఆర్నెల్ల తర్వాత వాటిలో సగానికి తేదీ తనంతట తానే దొరుకుతుంది.

చీటీ ఎందుకు, ల్యాప్‌టాప్‌లో ఎక్సెల్ షీటు చాలదా అని కుర్రాళ్లు అడుగుతారు. చాలు, అలవాటుంటే అదే చేయండి. కాకపోతే రచ్చకట్ట మీద నలుగురి ముందు చీటీలు పరిచి "ఇది ముందా, అది ముందా?" అంటే పెద్దలు చేత్తో జరిపి చూపిస్తారు. స్క్రీను చూపిస్తే "కండ్లు కనబడవు నాయనా" అంటారు.

3. తేదీలు మార్చడం నేర్చుకోండి

దీనికి ఒక్క సాయంత్రం పడుతుంది. ఇది రాకుండా మాత్రం ముందుకు పోవద్దు. మన ప్రాంతంలో నాలుగు రకాల లెక్కలు ఎదురవుతాయి.

శకం: శాసనాల్లో కనిపించేది. శక సంవత్సరానికి 78 కలపండి. ఉగాదితో ఏడు మొదలవుతుంది కాబట్టి పుష్య, మాఘ, ఫాల్గుణాల్లో జరిగింది చాలాసార్లు మరుసటి ఇంగ్లీషు ఏట్లో పడుతుంది. అందుకే "1524–25" అని రెండేళ్లూ రాయడం మేలు.

సంవత్సరం పేరు: శక సంఖ్యకు 12 కలిపి 60తో భాగించండి. మిగిలిన శేషమే ప్రభవ నుంచి లెక్క. శేషం సున్నా అయితే అక్షయ. శకం 1446 తీసుకోండి. 1446కు 12 కలిపితే 1458, దాన్ని 60తో భాగిస్తే శేషం 18. పద్దెనిమిదో పేరు తారణ. శాసనంలో శకం 1446, తారణ అని రెండూ ఉంటే తేదీ నిలబడినట్టే. ఒకటి అటూ ఇటూ అయితే కంగారు పడొద్దు, గడిచిన శకమూ నడుస్తున్న శకమూ అని రెండు పద్ధతులుండేవి. అప్పుడు సంవత్సరం పేరునే నమ్మండి. నాలుగైదేళ్లు తేడా వస్తే మీరు అంకె తప్పు చదివారని అర్థం.

కొన్ని శాసనాల్లో అంకెలకు బదులు మాటలుంటాయి. ఇందు అంటే 1, వేద అంటే 4, బాణ అంటే 5, రస అంటే 6. వీటిని వెనక నుంచి చదవాలి. "రస వేద వేద ఇందు" అని ఉంటే 6441 కాదు, 1446.

ఫసలీ: రెవెన్యూ కాగితాల్లో ఇదే. 590 కలపండి. జులై 1 నుంచి జూన్ 30 దాకా ఒక ఫసలీ. ఫసలీ 1286 అంటే 1876 జులై నుంచి 1877 జూన్.

హిజ్రీ: దర్గాలు, మసీదులు, నవాబుల సనదులు (రాసిచ్చిన పత్రాలు). హిజ్రీని 0.97తో గుణించి 622 కలపండి. హిజ్రీ 1200 అయితే 1164కు 622 కలిపి 1786. ఏడాది అటూ ఇటూ తేడా ఉంటుంది, నెల కూడా ఉంటే పట్టిక చూసి సరిచేసుకోండి.

ఇక మనుషుల నోట వినపడే లెక్క ఇంకొకటి, అది అన్నిటికంటే మోసం చేస్తుంది. "నందన కరువులో మా అబ్బ ఆ బాయి తవ్విచ్చినాడు" అంటారు. ఏ నందన? అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగి వస్తుంది. గుంటూరు వైపు ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టిన 1832–33 కరువు నందనే. 1892–93 నందనే. సీమలో గంజి కేంద్రాలు పెట్టిన 1952–53 కూడా నందనే. చెప్పే ఆయనకు ఎనభై ఏళ్లుంటే, వాళ్ల అబ్బ 1952 నాటికి బతికి ఉన్నాడా, ఎంత వయసు అని అడిగితే తేలిపోతుంది. గంజి మాట వచ్చిందా, ఏ ఊళ్లో గంజి పోశారు, ఎవరు పోశారు అని అడగండి. అవి చెప్పగలిగితే అది 1952. ఈ ప్రశ్న అడగక ఒక బావిని నూట ఇరవై ఏళ్లు వెనక్కి నెట్టిన ఊరి పుస్తకాలు ఉన్నాయి.

ధాత కరువు మీద ఇంత తికమక ఉండదు. 1876–78 నాటి పెద్ద కరువుకే ఆ పేరు నిలిచిపోయింది.

4. రాళ్ల దగ్గరికి పోండి

గుడి గోడ, ధ్వజస్తంభం అరుగు, చెరువు తూము, ఊరి బయట పొలంలో నిలబెట్టిన బండ, వీరగల్లు (పోరులో చనిపోయిన వీరుడి పేర నిలిపిన రాయి). ఇవన్నీ ఒక రోజు నడుచుకుంటూ చూసి పటం మీద గుర్తు పెట్టండి. గ్రామ పటంలో పొలాల పేర్లు కూడా చదవండి. "పాటిమీద" అన్న పొలం ఉంటే అక్కడ ఒకప్పుడు ఊరుండి పాడుపడి ఉంటుంది, దుక్కిలో పెంకులు తేలతాయి. "బూడిదగడ్డ", "కోటకాడ" లాంటివీ అంతే. తవ్వొద్దు, తీసుకురావొద్దు. ఉన్నచోటే ఫొటో తీసి చీటీ రాయండి.

శాసనం ఫొటో తీసే పద్ధతి ఇది. మెత్తటి బ్రష్షుతో దుమ్ము తుడవండి, కావాలంటే వట్టి నీళ్లు చల్లండి. పొద్దుగూకాక పోండి. ఒకరు టార్చిని రాతి అంచుకు ఆనించినట్టు పట్టి, వెలుగు రాతి మీద పక్కవాటుగా పాకేలా చేయాలి. అప్పుడు అక్షరాల లోతుల్లో నీడ నిలుస్తుంది, పగలు ఏమీ కనపడని బండ మీద వరసలు లేచి కనిపిస్తాయి. ఎడమ, కుడి, పైన, కింద అని నాలుగు వైపుల నుంచి వెలుగు మార్చి నాలుగు ఫొటోలు తీయండి, ఎందుకంటే అడ్డగీత ఒక వెలుగులో, నిలువుగీత ఇంకో వెలుగులో కనిపిస్తుంది. ఫ్లాష్ ఆపేయండి. స్కేలు రాయి పక్కన పెట్టి ఒకటి, పది అడుగుల వెనక నుంచి గుడి కూడా కనపడేలా ఇంకొకటి. ఈ చివరిది అనవసరం అనుకుంటారు. గుడి తిరిగి కట్టేటప్పుడు రాయి జరిపేస్తే అది ఎక్కడుండేదో చెప్పే సాక్ష్యం ఆ ఫొటో ఒక్కటే.

చేయకూడనివి: సుద్ద పూయడం, పిండి రుద్దడం, నూనె రాయడం, వైరు బ్రష్షు, యాసిడ్, అక్షరాల్లో ఎర్ర పెయింటు నింపడం. పెయింటు నింపేవాడు తనకు కనిపించిన అక్షరాన్నే నింపుతాడు, ఆ తర్వాత ఎవరు చదివినా వాడి తప్పునే చదువుతారు. సున్నం కింద పూడిపోయిన శాసనాన్ని మీరు గీకొద్దు, పురావస్తు శాఖ వాళ్లకు చెప్పండి. సున్నం దాన్ని చెడపదు, గీకితే చెడుతుంది. గుడి కమిటీ గ్రానైటు పలకలు అతికించబోతుంటే మాత్రం అదే రోజు పోయి ఆపండి.

చదవడం మీ వల్ల కాకపోతే తొందర పడొద్దు. ముందు అది అచ్చయిందేమో చూడండి. మద్రాసు ప్రెసిడెన్సీ తెలుగు శాసనాలు సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్ పదో సంపుటంలో, విజయనగర కాలపు తెలుగు శాసనాలు పదహారో సంపుటంలో ఉన్నాయి. కడప జిల్లా శాసనాలు వేరే సంపుటాలుగా వచ్చాయి. ఊరి పేరు, తాలూకా పేరు పట్టి వెతకండి. దొరక్కపోతే ఫొటోలు కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం చరిత్ర, పురావస్తు విభాగానికో, అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం చరిత్ర విభాగానికో, మైసూరులో కేంద్ర పురావస్తు శాఖ శాసన విభాగానికో పంపండి.

తేదీ లేని శాసనానికి మీరు తేదీ వేయొద్దు. ఎర్రగుంట్ల దగ్గర కలమళ్లలో దొరికిన రేనాటి చోళుల శాసనం తెలుగులో తొలి శాసనంగా పేరుపడింది. దాని మీద శక సంవత్సరం లేదు. లిపిని బట్టి, రాజు పేరును బట్టి 575 ప్రాంతమని పండితులు కాలం కట్టారు. అంతటి శాసనానికే "ప్రాంతం" అని రాస్తున్నప్పుడు మన ఊరి వీరగల్లుకు కచ్చితమైన ఏడు ఎక్కడి నుంచి వస్తుంది?

5. కాగితాలు

వీఆర్వో దగ్గర, తహసీల్దారు కార్యాలయంలో అడగాల్సినవి: డైగ్లాట్ లేదా ఆర్‌ఎస్‌ఆర్ (సర్వే నంబర్ల వారీ పాత భూమి రిజిస్టరు), ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పుస్తకం), ఇనాం ఫెయిర్ రిజిస్టరు (మాన్యం భూముల రిజిస్టరు), పాత అడంగళ్లు (ఏటేటా సాగు లెక్కలు). ఇందులో కైఫియత్తుకు బంగారం ఇనాం రిజిస్టరు. గుడి మాన్యం, మసీదు మాన్యం, చెరువు మాన్యం, తలారి, మంగలి, కుమ్మరి మాన్యాలు ఎవరికి, ఎందుకు ఇచ్చారో, ఎవరు ఇచ్చారని అప్పట్లో చెప్పుకున్నారో అందులో ఉంటుంది. ఊరంతా ఎలా నడిచేదో ఒక్క దస్త్రంలో తెలిసిపోతుంది.

మాటతో ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అడగండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. "మా ఊరి చరిత్ర ఇవ్వండి" అని రాస్తే "మా వద్ద లేదు" అని జవాబొస్తుంది. రిజిస్టరు పేరు, గ్రామం పేరు, సర్వే నంబర్లు రాసి నకలు అడగండి.

గుడి ఆస్తులకు దేవాదాయ శాఖ 43 రిజిస్టరు (చట్టంలోని 43వ సెక్షన్ కింద రాసే ఆస్తుల రిజిస్టరు). బడిలో అడ్మిషన్ రిజిస్టరు. ఈ రెండోదాన్ని ఎవరూ అడగరు గానీ చాలా చెబుతుంది. మొదటి ఆడపిల్ల ఏ ఏడు చేరింది, మాలపల్లె మాదిగపల్లె పిల్లలు ఏ ఏడు నుంచి కనిపిస్తారు, కరువేళ్లలో ఎంతమంది మానేశారు అన్నీ అందులోనే. పుట్టినరోజులు మాత్రం నమ్మొద్దు. జూన్, జులై ఒకటో తేదీల్లో ఊరి పిల్లలంతా పుట్టినట్టుంటుంది, అవి అయ్యవారు వేసిన తేదీలు.

అచ్చు పుస్తకాల్లో కంపెనీ, దొరల కాలపు జిల్లా వివరాల పుస్తకాలు (మాన్యువల్, గెజెటీరు అంటారు) చూడండి: గ్రిబుల్ రాసిన కడప మాన్యువల్ 1875, గోపాలకృష్ణమ శెట్టి రాసిన కర్నూలు మాన్యువల్ 1886, ఫ్రాన్సిస్ రాసిన అనంతపురం గెజెటీరు 1905, బ్రాకెన్‌బరీ రాసిన కడప గెజెటీరు 1915. నాలుగూ ఇంగ్లీషే. ఇంటర్నెట్లో స్కాన్లు దొరుకుతాయి. వాటిలో మీ ఊరి పేరును మూడు నాలుగు స్పెల్లింగులతో వెతకండి.

పాత కైఫియత్తు దొరికితే దాన్ని ఎలా వాడాలో ఒక మాట. జనమేజయుడు సర్పయాగం చేసి అగ్రహారం ఇచ్చాడన్న భాగాన్ని తేదీల వరసలోకి తేవొద్దు, "ఊరి పుట్టుక గురించి చెప్పుకునే మాట" అని ముందు పేజీలో పెట్టండి. రాజుల పాలనా కాలాలను శాసనాలతో సరిచూసుకోండి, అక్కడ కర్ణాల లెక్క తరచూ తప్పుతుంది. చెరువులు, మజరాలు, పాడుపడిన పల్లెలు, ఎవరు కోట కట్టారు, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయింది అన్నవి మాత్రం జాగ్రత్తగా చదవండి. చెప్పిన కర్ణం తన కళ్ల ముందున్న వాటినే చెప్పాడు.

6. మనుషుల్ని అడగడం

"ఏ సంవత్సరంలో జరిగింది?" అని అడగొద్దు. అడిగితే ఏదో ఒక ఏడు చెబుతారు, మిమ్మల్ని ఉత్త చేతులతో పంపడం ఇష్టం లేక. ఇలా అడగండి: "జేజీ, నీ పెండ్లి నాటికి ఆ బాయి ఉన్నిందా?" "మీ పెద్దోడు అప్పుడు నడుస్తాన్నాడా, సంకలో ఉన్నాడా?" "కర్ణం, రెడ్డి పదవులు తీసేసినాక వచ్చిందా కరెంటు, ముందా?"

ఇట్లా పక్కన నిలబెట్టి పోల్చడానికి అందరికీ గుర్తుండే కొయ్యలు కొన్ని ముందే తెచ్చుకోండి. అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ మీద పడుతుందని జనం హడలిపోయింది 1979 జులై. పట్టపగలు చీకటైన సూర్యగ్రహణం 1980 ఫిబ్రవరి 16. శ్రీశైలం నీళ్లకు ఊళ్లు ఖాళీ చేసింది 1981 ప్రాంతం. ఇందిరాగాంధీ చనిపోయింది 1984 అక్టోబరు 31, అదే ఏడు మొదట్లో కర్ణం, మునసబు పదవులు పోయాయి. కర్నూలు రాజధానిగా ఉన్నది 1953 నుంచి 1956. తుంగభద్ర వచ్చి కర్నూలు మునిగింది 2009 అక్టోబరు. చెయ్యేరు మీద అన్నమయ్య డ్యాం తెగింది 2021 నవంబరు 19.

ఒక్కరినే అడిగి సరిపెట్టుకోవద్దు. ముఖ్యంగా మగవాళ్లను మాత్రమే అడిగితే తగాదాలు, ఎన్నికలు, గుడి కట్టడాలు వస్తాయి. ఆడవాళ్లను అడిగితే కలరా, అమ్మవారు, నీళ్లకు ఎంత దూరం పోయేవాళ్లు, మంత్రసాని ఎవరు, ఏ ఏడు జొన్నలు పోయి బియ్యం వచ్చింది అన్నవి వస్తాయి. ఊరికి ఈ రెండోవే ఎక్కువ విలువైనవి అని మా అభిప్రాయం. పీర్ల చావిడి పెద్దల్ని, ఎస్సీ కాలనీ పెద్దల్ని వాళ్ల ఇళ్ల దగ్గరికే పోయి అడగండి. రచ్చకట్ట దగ్గరికి పిలిస్తే అందరి ముందూ నోరు విప్పరు.

రికార్డింగు మొదలుపెట్టేముందు చెప్పండి, ఒప్పుకుంటేనే చేయండి. ఫోను ఫైలుకు పేరు మార్చి తేదీ పెట్టండి, ఆ రాత్రే ఇంకోచోట నకలు దాచండి.

7. చీటీలను వరస పెట్టి రాయడం

చీటీలన్నీ తేదీల వారీగా పేర్చి, అప్పుడు పుస్తకం తెరవండి. ప్రతి పద్దు ఏడుతో మొదలవ్వాలి. ఉదాహరణకు ఊహించి రాసిన పద్దు ఒకటి చూడండి:

"1876–77 (ధాత, ఫసలీ 1286). ఊరికి దక్షిణాన కుంట తవ్వారు. కూలికి జొన్నలు కొలిచారని చెబుతారు. ఆధారం: తవ్వకం డైగ్లాట్‌లో ఉంది, కూలి సంగతి ఇద్దరు పెద్దలు వేర్వేరుగా చెప్పారు."

"తవ్వారు" అన్న మాటకు కాగితం ఉంది, "కొలిచారని చెబుతారు" అన్నదానికి మనుషుల మాట ఉంది. ఈ తేడా క్రియలోనే కనపడాలి. ఇది పాటిస్తే ఎవరొచ్చి నిలదీసినా మీరు జవాబు చెప్పుకోగలరు.

"మా గ్రామం ఎంతో ప్రాచీన చరిత్ర కలిగి, ధర్మాత్ములైన దాతలతో విరాజిల్లుతూ" వంటి వాక్యం చేతికొస్తే కొట్టేయండి. అందులో ఏడూ లేదు, ఆధారమూ లేదు.

రెండు ఆధారాలు కొట్లాడుకుంటే తీర్పు చెప్పొద్దు. గుడి కట్టింది ఫలానా వంశం వాళ్లని ఒకరు, కాదు ఇంకొకరని ఇంకొకరు అంటే, రెండూ ఒకే పద్దులో ఒకదాని కింద ఒకటి రాయండి. రాయలసీమలో సగం ఊళ్లు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తమ గుట్టలోనే దాక్కున్నాడంటాయి. తిరుగుబాటు 1846లో, ఉరి 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో అన్నది తేదీల వరసలో పెట్టి, మీ గుట్ట మాటను "చెప్పుకుంటారు" అని కింద రాయండి.

8. చిక్కు తెచ్చే సంగతులు

ఫ్యాక్షన్ హత్యలు: బతికున్న వాళ్ల పేర్లు, వాళ్ల పిల్లల పేర్లు రాయొద్దు. కోర్టు తీర్పు ఉంటే ఏడు, తీర్పు అన్నంతవరకే. రెండు వర్గాల్లో ఒకరింట్లో కూర్చుని మాత్రమే రాసిన పుస్తకం ఊళ్లో నిలవదు.

భూములు: ఇనాం, వక్ఫు, దేవాదాయ భూమి గురించి మీరు రాసిన ఒక్క వాక్యాన్ని ఎవరో లాయరు దగ్గరికి తీసుకుపోవచ్చు. అందుకే ఇక్కడ సొంత మాట వద్దు. రిజిస్టరులో ఉన్నది ఉన్నట్టు, పేజీ నంబరుతో ఎత్తి రాయండి.

కులాల పేర్లు: పాత కాగితాల్లో ఇప్పుడు అవమానంగా వినిపించే మాటలుంటాయి. నకలులో ఉంచి, మీ వాక్యంలో ఇప్పటి పేరు వాడండి.

9. సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

శకం ఉన్న ప్రతి పద్దుకూ 12 కలిపి 60తో భాగించే లెక్క ఇంకోసారి చేయండి. ఫసలీ ఉన్నవాటికి 590 కలిపి చూడండి.

వంశవృక్షాలను తరాలతో తూచండి. తరానికి పాతిక ముప్పై ఏళ్లు. "ఐదు తరాల కిందట రాయలవారు మాకిచ్చారు" అంటే అది నూట యాభై ఏళ్లు దాటదు, రాయల కాలం ఐదు వందల ఏళ్ల కిందటిది. అబద్ధం చెబుతున్నారని కాదు, నడుమ పది తరాల పేర్లు రాలిపోయాయి, అంతే.

ఏదైనా ముప్పై ఏళ్లు పూర్తిగా ఖాళీగా ఉంటే ఆ ఖాళీ కనపడనివ్వండి. "1802 నుంచి 1838 దాకా ఏమీ దొరకలేదు" అని రాయండి. కర్నూలు నవాబు కింద ఉండిన ఊళ్లకు 1839 ముందు కంపెనీ లెక్కలు దొరక్కపోవడం మామూలే.

ఊరికి సంబంధం లేని ఒకరి చేత, ఊరంటే ప్రాణం పెట్టే ఒకరి చేత చదివించండి. మొదటివాడు అర్థం కానివి చెబుతాడు, రెండోవాడు తప్పులు పడతాడు. అచ్చుకు పోకముందు నెల రోజులు పంచాయతీ కార్యాలయంలో ఒక ప్రతి పెట్టి, మార్జిన్లలో పెన్సిలుతో రాయమనండి. అందుకే కుడివైపు రెండంగుళాలు ఖాళీ వదలాలి.

డీటీపీ చేయించేటప్పుడు యూనికోడ్‌లోనే చేయమని గట్టిగా చెప్పండి. అను ఫాంట్లలో చేస్తే కాగితం మీద బాగానే ఉంటుంది, కానీ పదేళ్ల తర్వాత ఆ ఫైలు తెరిస్తే పిచ్చి గుర్తులు తప్ప ఏమీ ఉండవు, గూగుల్లో వెతికినా దొరకదు. అచ్చయ్యాక ఒక ప్రతి బడికి, ఒకటి శాఖా గ్రంథాలయానికి, ఒకటి కడప బ్రౌన్ గ్రంథాలయానికి ఇవ్వండి. చీటీల కట్ట, రికార్డింగుల పెన్‌డ్రైవు పుస్తకం వచ్చేసింది కదా అని పారేయొద్దు, రేపు ఎవరైనా ఒక పద్దును కాదంటే మళ్లీ చూడాల్సింది వాటినే. పుస్తకం చివర పదిహేను ఇరవై తెల్ల పేజీలు కుట్టించి, బడి ప్రతిలో ఏడాదికోసారి ఉగాది ముందు ఆ ఏటి పద్దులు రాసే పని ఎవరిదో పేరు పెట్టి అప్పజెప్పండి.